తొంభై తొమ్మిదికి తీరే బాకీ

పసిఫిక్ వాన. గొడుగు లేకుండానే వచ్చింది ఐలీ కర్వోనెన్.
తడిసిన కోటు కుర్చీకి తగిలించి
కింద తనే ఒక పాత పేపరు పరిచి
అప్పుడు కూర్చుంది నా ఎదురుగా.

కౌంటీ ఆఫీసులో నా పని
గొట్టాలకి డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో చెప్పడం.
పబ్లిక్ మురుగు లైను వాళ్ల గేటు దాకా వచ్చి ఆగింది.
అక్కణ్ణించి ఇంటికి అరవై అడుగులు.
ఆ అరవై అడుగులకీ
పద్దెనిమిది వేల నాలుగు వందల డాలర్లు.

"అడుగుకి ఎంత పడుతుంది?"
మూడొందల చిల్లర, అన్నాను.
"మా ఎయినోని ఆరడుగుల గోతిలో పెట్టినప్పుడు కూడా
ఈ రేటు లేదే," అంది.

బల్ల మీద మూడు కాగితాలు పరిచాను.
చేతిలో ఉంటే ఒకేసారి కట్టెయ్యొచ్చు, నూటికి ఐదు తగ్గిస్తాం.
లేదా ఇంటిపన్నుతో కలిపి ఇరవై ఏళ్లు,
ఏడాదికి రెండు వాయిదాలు, రెండున్నర శాతం వడ్డీ.
మూడోది ఆమె వయసు వాళ్ల కోసమే పెట్టింది:
ఇప్పుడు చిల్లిగవ్వ కట్టక్కర్లేదు,
ఇల్లు అమ్మిన రోజున ఇల్లే తీరుస్తుంది.

ఈ మూడోది చెప్పేటప్పుడు నా గొంతు
దానంతటదే మెత్తబడుతుంది.
ఇల్లు అమ్మిన రోజంటే ఏ రోజు తర్వాతో
నాకూ తెలుసు, ఎదుటివాళ్లకీ తెలుసు.
ఫారంలో ఆ మాట ఉండదు.

ఐలీ ఫారం చదవలేదు. కిటికీలోంచి చూసింది.
పాటు తీసిన అఖాతం, మైలు పొడవునా బురద,
బురదలో పాతిన కర్రకి ఒక బోర్డు:
ఆల్చిప్పలు ఏరరాదు.

నలభై రెండేళ్లు ఆల్చిప్పలు ఒలిచిన చేతులవి.
ఎడమ అరచేతినిండా కత్తి జారిన గీతలే,
చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు తికమకపడాలి.

"పోయిన మార్చిలో మీ కుర్రాడొచ్చాడు," అంది.
"మా బాత్‌రూంలో పచ్చరంగు పోసి, నీళ్లొదిలి,
కాఫీ తాగి వెళ్లాడు. మంచి పిల్లాడు.
మూడోనాడు పొద్దున్న వెనక వాగులో
అదే పచ్చ.
లేత చిగురు పచ్చ. చూడ్డానికి ఎంత బాగుందో.
దాని పక్కనే నడిచాను బూట్లేసుకుని.
సముద్రం దాకా ఎక్కడా ఆగలేదు."

కాసేపు హీటరు చప్పుడు ఒక్కటే.

ఆ సెప్టిక్ ట్యాంకు తవ్వింది ఎయినోనే, డెబ్బై నాలుగులో,
ఆదివారాలు, తన బావమరిదితో కలిసి.
"తవ్వుతూ పాడేవాడు. గొంతు బాగుండేది కాదు,
పనీ అంతే."

మూడో కాగితాన్ని నాకేసి తోసేసింది.
"నేను పోయాక ఇల్లు కట్టడమేంటి?
వాగులో పోసింది ఇల్లు కాదు కదా."

ఒకేసారి కట్టే స్తోమత లేదు. ఉన్న ఆరు వేలూ
తనని పూడ్చడానికి దాచుకున్నవి.
గొట్టాన్ని పూడ్చడానికి అవి ఇవ్వనంది.

మధ్య కాగితం మిగిలింది.
ఇప్పుడు డెబ్బై తొమ్మిది. వేళ్లు మడిచి లెక్కపెట్టింది.
తీరేసరికి తొంభై తొమ్మిది.
పొట్ట పట్టుకుని నవ్వింది.
"మా డాక్టరు మూడు నెలలకి మించి మాత్రలు రాయడు,
మీ కౌంటీకి నా మీద ఇంత నమ్మకమా!"

చెప్పాలి కనుక చెప్పాను,
మధ్యలో ఏదన్నా అయితే మిగతాది ఇంటి మీదే పడుతుందని.
"పడనీ. అప్పటిదాకా కట్టింది నాది."

అప్పు దేనికి అన్న గడిలో
నేను మురుగు కనెక్షన్ అని రాయబోతుంటే
పెన్ను లాక్కుని తనే రాసింది, ఆల్చిప్పలు.
పై ఆఫీసు వాళ్లు ఫోన్ చేసి అడిగారు. సరిగానే ఉందన్నాను.

ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి
ఐదు వందల ఎనభై ఏడు డాలర్లు, నోట్లే, రబ్బరు బ్యాండు చుట్టి.
ఏడు వాయిదాలయ్యాయి. ముప్పై మూడున్నాయి.
బోర్డు ఇంకా అక్కడే ఉంది.
మొన్నటి నీళ్ల పరీక్ష మాత్రం కొంచెం నయమట.

మా వీధికి లైను రావడానికి ఇంకా ఆరేళ్లు.
రాత్రి నీళ్లొదిలి
లైటు తీసెయ్యకుండా నిలబడి వింటాను.
ఏ రంగూ లేకుండా పోతుంది, ఎటో.